గేటుమీది మూడక్షరములు

లింగంపల్లిలో మేము కాపురముండు ఇండ్ల సముదాయపు గేటునకు మొన్నటి దసరాకు ముందు ఒక కాగితము అంటింపబడినది. అందలి వాక్యములు మూడే. "ఇతర రాష్ట్రముల పనివారు పి.వి.సి. లేనిదే లోనికి రాకూడదు. ఈ నియమమును మీరిన యింటివారిదే బాధ్యత. ఇందు మినహాయింపులు లేవు." గ్రంథవిమర్శలకు అలవాటుపడిన చదువరులకు, నేనొక గోడకాగితమును విమర్శింపబూనుట వింతగా తోపవచ్చును. కాని మన యిండ్లవారు పుస్తకములకంటె నిత్యము చదువునవి యిట్టి కాగితములే. పైగా దీనివలన నొక బీదకుటుంబమునకు పదునొకండు దినముల కూలి పోయినది. ఈ మధ్య నేను చదివిన కావ్యములలో నొక్కటియు అంత ఫలము చూపలేదు.

జరిగిన దిది. మా యింటను మఱి రెండిండ్లలోను అంట్లుతోమి యిల్లూడ్చు స్త్రీది పశ్చిమబంగాళములోని ముర్షిదాబాదు జిల్లా. నాలుగేండ్లనుండి మా యింటి తాళపుచెవి ఆమెయొద్దనే యుండును. కాగితము వెలసిన ఉదయమున వాచ్‌మన్ ఆమెను నిలిపి పి.వి.సి. చూపుమనెను. ఆమెకు సంతోషమే కలిగెను. ఏలయన ఆ మాట ఆమె యెఱుగును. ఆధార్ సంస్థవారు 2020లో పర్సులో పట్టునట్టి గట్టి ప్లాస్టిక్ కార్డుల నిచ్చుట మొదలుపెట్టిరి. వానికి పి.వి.సి. కార్డులని పేరు, నీటిగొట్టములు చేయు ప్లాస్టిక్కు పేరే అది. ఆమె రుసుము కట్టి అట్టి కార్డొకటి తెప్పించుకొని యుండెను. మఱునాడు దానిని కొంగున ముడివైచికొని తెచ్చి చూపెను. "ఇది కాదమ్మా, పి.వి.సి. తే" అని వాచ్‌మన్. "ఇదే పి.వి.సి." అని ఆమె. ఇద్దఱును నిజమే పలికిరి. కమిటీవారు కోరినది పోలీసు వెరిఫికేషన్ సర్టిఫికెట్టు. ఆ సంగతి వాచ్‌మన్‌కును తెలియదు. పాలమూరు పల్లెనుండి వచ్చిన ఆ ముసలివానికి చెప్పినవారు లేరు. అడుగుటకు అతనికి ధైర్యము లేదు.

మూడవనాటినుండి ఆమె రాలేదు. నా భార్య వెదకికొని పోగా, రేకులగదిలో తలుపు మూసికొని కూర్చుండి యున్నదట. "దీదీ, నా దగ్గరున్న కార్డు చూపించాను. అది కాదంటున్నారు. ఇక పోలీసులే వస్తారా?" అని తనకు వచ్చిన హిందీలో అడిగినదట. ఆ వెఱపునకు కారణము లేకపోలేదు. 2025 జూలైలో ఢిల్లీ ప్రక్కనున్న గురుగ్రామ్‌లో, బంగాళీ మాటలాడు కూలీలను బంగ్లాదేశీయులేమో యను అనుమానముతో పోలీసులు పట్టి నిర్బంధములో నుంచిరి; మఱి పెక్కుమంది భయపడి స్వగ్రామములకు తరలిపోయిరి. ఆ వార్త చేరని ఫోను ఆమె బస్తీలో లేదు.

ఇక కాగితమును చూతము. మొదటి దోషము "ఇతర రాష్ట్రములు" అను మాటలోనున్నది. మా ప్రక్కవాటాలో పనిచేయు స్త్రీది శ్రీకాకుళము. 2014 జూన్ 2వ తేదీనుండి శ్రీకాకుళము తెలంగాణమునకు ఇతర రాష్ట్రమే. ఆమెను ఎవరును నిలుపలేదు. కార్యదర్శిగారి కారు నడుపువానిది కర్నూలు. అతనిని సైతము నిలుపలేదు. (నిలుపవలెనని నేననుట లేదు.) కాని మూడవ అంతస్తులో అద్దెకున్న మణిపురపు బాలికను మాత్రము, ఆమె సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని యయ్యును, ఏ యింటిలో పనియని అదే గేటువద్ద రెండుమారులు అడిగిరట. వ్రాసినవారు భూగోళపటమును చూచి వ్రాసియుండిన ఇట్లు జరుగదు. కనుముక్కుతీరును బట్టియు, పలుకు యాసను బట్టియు రాష్ట్రములు ఏర్పఱచిరి. వాచ్‌మన్ ఆ సంగతిని చెప్పకయే గ్రహించెను, పి.వి.సి. అననేమో గ్రహింపలేకపోయెను.

పొడియక్షరములు వాడుటయే తప్పని నా మతము కాదు. అట్లనినచో పాణినియే నాకు అడ్డుపడును. అచ్ అనగా స్వరములన్నియు, హల్ అనగా వ్యంజనములన్నియు. మన పిల్లలు పలకమీద దిద్దు అచ్చులు, హల్లులు అను పేర్లు ఆ సంక్షేపములనుండి వచ్చినవే. కాని ఆ శాస్త్రమున పదునాలుగు సూత్రములలో వర్ణములన్నియు ముందుగా వరుసపెట్టబడినవి. మొదటి వర్ణమును చివరి గుఱుతుతో కలిపి పలికినచో నడుమనున్నవన్నియు వచ్చునని నియమమును చెప్పబడినది. ఆ రెండును నేర్చిన పిల్లవాడు ఎచ్చట అచ్ అని యున్నను తడబడడు. క్లుప్తతకు అంత పేరుపడిన వ్యాకరణమే ముందు వివరము చెప్పి పిదప కుదించినది. మా కమిటీవారికి అంత తొందర ఏల కలిగెనో తెలియదు.

మా ప్రాంతమున ఇట్టి యక్షరములకు కొదవలేదు. హైటెక్ సిటీ యనగా గొప్ప యంత్రవిద్య గల నగరమని పలువురు తలంతురు. అవి హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ అను మాటల మొదటి యక్షరములు. 1998లో సైబర్ టవర్స్ తెఱచిన నాటినుండి ఈ పొరపాటువలన ఎవరికిని అన్నము పోలేదు. 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్.ను విస్తరింపుమన్నచో లింగంపల్లిలో బండియెక్కువారిలో పెక్కురు చెప్పలేరు. ఐనను బండి వారిని బేగంపేటలో దింపును. ఆ యక్షరములను చూపి ఒకని లోనికి రానిచ్చుటయో గెంటుటయో జరిగినప్పుడే వాని యర్థము తెలియక తీరదు.

ప్రభుత్వపు కాగితములు ఈ విషయమున మా గేటుకాగితముకంటె మెఱుగని చెప్పలేను. 2020 ఫిబ్రవరిలో యు.ఐ.డి.ఎ.ఐ. వారి హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయమునుండి 127 మందికి తాఖీదులు పోయెను. తప్పుడు పత్రములతో ఆధార్ పొందినట్లు ఆరోపణ వచ్చినది గావున, విచారణకు వచ్చి పౌరసత్వమును నిరూపించు పత్రములు చూపవలెనని అందు వ్రాసిరి. అందుకొన్నవారిలో నొక ఆటోడ్రైవరు గలడు. కలకలము పుట్టగా, ఆధార్ పౌరసత్వపత్రము కాదనియు, ఈ తాఖీదులకు పౌరసత్వముతో సంబంధము లేదనియు ఆ సంస్థయే ప్రకటించినది. అప్పుడు దేశమంతట సి.ఎ.ఎ., ఎన్.ఆర్.సి., ఎన్.పి.ఆర్. అను మాటలు మారుమ్రోగుచుండెను. తన మీదికి వచ్చినవి వానిలో ఏ యక్షరములో ఒక ఆటోడ్రైవరు ఎట్లెఱుగును?

ఈ మాటలన్నియు నేను కమిటీ సమావేశములో చెప్పితిని. కార్యదర్శిగారు సహృదయులు. "మాస్టారూ, మా వాడు డల్లాసులో అడుగడుగునా కాగితాలు చూపిస్తున్నాడు. ఏం పోయింది?" అనిరి. ఏమి పోవునో హైదరాబాదువారికి తెలియును. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేత పట్టణమున, ఒక పానశాలలో మిత్రునితో కూర్చుండిన మన కుచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక తెల్లవాడు వీసా సంగతి యడిగి, తూలనాడి, పోయి మరలివచ్చి కాల్చిచంపెను. ఇద్దఱు ఇరానీయులను కాల్చితినని ఆ పిదప మఱియొకచోట చెప్పుకొనెను. శ్రీనివాస్‌కు ఉన్నది హెచ్-1బి వీసా. అందలి హెచ్ ఏ మాటకును మొదటి యక్షరము కాదు. 1952 నాటి అమెరికా వలసచట్టములోని ఉపవిభాగపు గుఱుతు. ఆ యక్షరమును విప్పి చెప్పుటకైనను అతనికి వ్యవధి చిక్కలేదు. ముఖమును చూచి దేశమును ఊహించుటయు, మూడక్షరములు విసరి అర్థము ఊహించుకొమ్మనుటయు ఒక్క అలవాటే యని నాకు తోచును. ఎదుటివానితో రెండు మాటలాడు శ్రమను తప్పించుకొనుటకే రెండును.

కార్యదర్శిగారు కొంతసేపు మాటలాడలేదు. పిదప, శ్రావణములో రెండిండ్ల దొంగతనములు జరిగినవనియు, జాగ్రత్త తప్పదనియు అనిరి. అది నిజమే. క్రొత్తగా పనికి వచ్చువారి నందఱిని, తెలుగువారినైనను బంగాళీలనైనను, ఒక్కరీతిగా విచారింపుడని నేనంటిని. వేఱొకరు లేచి, తెలుగువారిని అడిగిన చిన్నబుచ్చుకొందు రనిరి. ఈ మాటకు సమావేశములో ఎవరును నవ్వలేదు.

ఈ లింగంపల్లి స్టేషనునుండియే 2020 మే 1వ తేదీన, తెల్లవాఱకమునుపు, వలసకూలీలకై దేశమున మొదటి ప్రత్యేక రైలు బయలుదేఱెను. సుమారు 1,200 మంది జార్ఖండులోని హటియాకు పోయిరి. వారిలో పెక్కురు సంగారెడ్డి దగ్గఱ కందిలో ఐ.ఐ.టి. భవనములు కట్టుచుండినవారు. మా సముదాయము కట్టినవారిలో మా సభ్యులకంటె ఇతర రాష్ట్రములవారే ఎక్కువ యని మేస్త్రీ యొకడు నాతో ననెను.

పండ్రెండవనాడు ఆమె పనికి వచ్చినది. దరఖాస్తును నా భార్యయే పూర్తిచేసి పంపినది. కాగితమును మార్చిరి. ఇప్పుడు పి.వి.సి. స్థానమున "పోలీసువారి విచారణపత్రము" అని తెలుగులోను, హిందీలోను, బంగాళీలోను ఉన్నది. బంగాళీ వాక్యమును ఆమె కుమార్తెయే, ఎనిమిదవ తరగతి పిల్ల, వ్రాసియిచ్చినది. అక్షరములు గుండ్రముగా నున్నవి. "ఇతర రాష్ట్రముల పనివారు" అను మాట మూడు భాషలలోను అట్లే యున్నది. మరల సమావేశము వచ్చు నెల రెండవ ఆదివారము.