పాతబస్తీలో పలకలు పొదిగిన గోడ

నయాపూల్ దాటి చార్మినార్‌కు వెళ్లేవాళ్ల చూపంతా ఎదురుగా ఉన్న మినార్ల మీదే ఉంటుంది. పత్తర్‌గట్టి దుకాణాల సందడికి కూతవేటు దూరంలోనే బాదుషాహీ అషుర్‌ఖానా ఉంది. చార్మినార్ లేచిన మూడేళ్లకు, 1594లో, మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన పీర్ల చావిడి ఇది. హైదరాబాద్‌లో ఒక్క పనితనమే చూసే వీలుందంటే నేను ఇక్కడికే పొమ్మంటాను.

ముందున్న ఎత్తైన కొయ్య స్తంభాల మంటపం ఆసఫ్‌జాహీల కాలంలో చేర్చింది. దాన్ని దాటి లోపలి గోడల దగ్గరికి వెళ్లాలి. ఆరు మూలల పలకల వరుసలు, మెలితిరిగిన పెద్ద పెద్ద ఆకులు, వాటి మధ్య గోడంత ఎత్తున పీరు ఆకారం, దాని కడుపులో అల్లుకున్న అరబ్బీ అక్షరాలు కనిపిస్తాయి. దూరం నుంచి రంగులు వేసిన బొమ్మే అనిపిస్తుంది. దగ్గరికి వెళితే గీతకూ గీతకూ మధ్య సన్నని అతుకు కనిపిస్తుంది. ఇక్కడ కుంచె పని లేదు.

ఒక్కో రంగు పూతకు ఒక్కో తీరు మంట కావాలి. అన్నీ ఒకే పలక మీద పూసి కాలిస్తే ఒకటి పండేలోగా ఇంకొకటి చెడుతుంది. అందుకే ఈ పద్ధతిలో ఏ రంగు పలకను ఆ రంగుకు విడిగా కాల్చి, తర్వాత బొమ్మకు తగ్గట్టు ముక్కలు చెక్కుతారు. ముక్క అంచును వెనక్కి ఏటవాలుగా అరగదీస్తారు. అప్పుడు పైన ముక్కలు ఒకదానికొకటి ఆనుకుంటాయి, వెనక గచ్చు పట్టడానికి చోటు మిగులుతుంది. కంసాలి రాళ్లు పొదిగే ఓపికే ఇది, కాకపోతే గోడంత మేర. అక్షరం వంపు తిరిగిన ప్రతిచోటా ఆ వంపుకు సరిపడా నేల రంగు ముక్కను కూడా ఎదురు వంపుతో కోయాలి. నన్ను కట్టిపడేసేది ఆ ఎదురు వంపే. ఎవరి కంటా పడని నేలకూ అక్షరానికి పడ్డంత శ్రమే పడ్డారు.

ఔరంగజేబు సైన్యం 1687లో గోల్కొండను గెలిచాక ఈ చావిడి చాలాకాలం ఆదరణ లేక పడి ఉంది. నిజాం అలీఖాన్ హయాంలో మళ్లీ పీర్లు లేచాయి. తర్వాత 1908 సెప్టెంబరులో మూసీ వరద లోపలికి వచ్చి గోడ కింది భాగంలోని పలకలను ఊడగొట్టింది. ఆ మేర గచ్చు పూసి, అదే నమూనాను రంగులతో గీశారు. ఆ హద్దు దగ్గర కాసేపు నిలబడండి. కింద రంగు చదునుగా, మందకొడిగా ఉంటుంది. పైన ముక్క ముక్కకూ వెలుగు వేరుగా తగులుతుంది. పలకల పని గొప్పదనం ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నేనెక్కడా చూడలేదు.

ఇరాన్ నుంచి వచ్చిన విద్యే అయినా అక్కడి కట్టడాల్లో నీలానిదే రాజ్యం. ఇక్కడ నీలం పక్కన ఆవపసుపు సమానంగా నిలిచింది, ఆకుపచ్చా గోధుమ రంగూ తోడయ్యాయి. దక్కన్ ఎండకు, ఈ నేలకు ఆ పసుపే నప్పింది.