ఫ్రిజ్‌లో పెట్టినదానికీ గడువుంది

ఫ్రిజ్ రాకముందు మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తిండి నిలవచేసే తెలివి నిండుగా ఉండేది. రాత్రి మిగిలిన అన్నం గంజిలో పడి పొద్దున్నకు చద్దన్నమయ్యేది. తరవాణి కుండ పులుపెక్కేది. చోడిపిండి పులిసి అంబలికి సిద్ధమయ్యేది. తీరపు ఊళ్ళలో నెత్తళ్ళు ఎండలో గలగలలాడేవి. పులుపు, ఉప్పు, ఎండ: ఈ మూడూ క్రిములను అడ్డుకునేవి. దేనికెంత గడువో కూడా ఇంటి ఆడవాళ్ళకు కచ్చితంగా తెలుసు. పప్పు ఈ పూటే అయిపోవాలి, చేపల పులుసు మర్నాటికి రుచెక్కుతుంది, చద్దన్నం పొద్దున్న దాటకూడదు. గిన్నె మీద మూత తీయగానే పెద్దవాళ్ళు అడిగే మొదటి మాట, "ఇదెప్పటిదే?"

ఆ ప్రశ్న ఇప్పుడు వినపడటం లేదు. దాని స్థానంలో "ఫ్రిజ్‌లోనే ఉందిగా" అన్న జవాబు వచ్చి కూర్చుంది. నా బెంగంతా దాని గురించే. చలి క్రిములను చంపదు, వాటి ఎదుగుదలను మందగింపజేస్తుంది, అంతే. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య అవి జోరుగా పెరుగుతాయి. అందుకే ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలి. లోపలి మీట మీద కనిపించే 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు, చలి ఎంత పెంచాలో చెప్పే గుర్తులు మాత్రమే. ఒక చిన్న థర్మామీటర్ కొని లోపల పెట్టుకుంటే అసలు సంగతి తెలుస్తుంది.

మన ఇళ్ళలో అన్నిటికన్నా ముందు జాగ్రత్తపడాల్సింది అన్నం విషయంలో. బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉడికినా చావవు. వండిన అన్నం గంటల తరబడి పొయ్యిగట్టు మీదే ఉండిపోతే అవి మేలుకుని విషం చేస్తాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకే మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి, ఆవిరి తగ్గగానే మూతపెట్టి ఫ్రిజ్‌లోకి చేర్చాలి. వండిన రెండు గంటల్లోపు ఈ పని అయిపోవాలి, వైశాఖ మాసపు ఎండల్లో అయితే గంటలోపే. కుండెడు సాంబారును అలాగే ఎత్తి పెట్టేస్తే నడిమధ్య చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. చిన్న గిన్నెల్లోకి సర్దితే త్వరగా చల్లారుతుంది. ఇలా పెట్టినవి కూడా మూడు నాలుగు రోజులకు మించి ఉంచకూడదు.

తర్వాత చేపలు. భావనపాడు, కళింగపట్నం రేవుల నుంచి వచ్చే కానాగంతలు, కవళ్ళు ఎండపొడలో కాసేపున్నా వాటిలో హిస్టమిన్ పేరుకుంటుంది. ఎంత మరిగించినా అది పోదు, తిన్నవాళ్ళకు ఒళ్ళంతా దద్దుర్లు, తలపోటు వస్తాయి. కాబట్టి ఐసులో ఉన్న చేపనే కొనాలి. ఇంటికి రాగానే శుభ్రంచేసి, గట్టిమూత డబ్బాలో, ఫ్రిజ్ అడుగు అరలో పెట్టాలి. పైన పెడితే చేప నీళ్ళు కింద ఉన్న పెరుగులోకో కూరలోకో కారతాయి. ఒకటి రెండు రోజుల్లో వండలేకపోతే పూటకు సరిపడా పొట్లాలుగా కట్టి ఫ్రీజర్‌లో వేయాలి. గడ్డకట్టిన చేపను గట్టు మీద కాకుండా ముందురాత్రి కింది అరలోకి దింపి కరిగించాలి.

మా ఇంట్లో వండినవి పై అరలో ఉంటాయి, పచ్చివి అడుగున. తలుపు అరలు అన్నిటికన్నా వెచ్చన, అందుకే అక్కడ పచ్చళ్ళూ నీళ్ళసీసాలే పెడతాను, పాలు లోపలికి పోతాయి. తోటకూర, గోంగూర తడి ఆరాక గుడ్డలో చుడతాను. ఉల్లి, బంగాళాదుంప, కంద, అరటి బయటే ఉంటాయి. గిన్నెకూ గిన్నెకూ మధ్య గాలి ఆడే చోటు వదులుతాను. క్రిక్కిరిసిన ఫ్రిజ్ కరెంటు తింటుంది గాని సరిగా చల్లబరచదు. ప్రతి డబ్బా మీదా తారీఖు రాసిన కాగితం ఉంటుంది. పాతది ముందు, కొత్తది తర్వాత.

ఇన్ని చేసినా కరెంటు పోతే మరో లెక్క మొదలవుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానులు ఆ లెక్కను మనకు కష్టంగానే నేర్పాయి. తిత్లీ దెబ్బకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగి, ఊళ్ళకు ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్ చలిని 4 గంటలు నిలుపుకుంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు. అందుకే తుపాను కబురు రాగానే నీళ్ళసీసాలు గడ్డకట్టించి ఫ్రీజర్ నింపేయాలి. గ్లాసుడు నీళ్ళు గడ్డకట్టించి దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్‌లోనే ఉంచాలి. ఊరు విడిచి వెళ్ళి వచ్చాక బిళ్ళ అడుక్కి దిగి ఉంటే, మధ్యలో అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం. అప్పుడు మాంసం, చేప వదులుకోవాల్సిందే. వాసన చూసి, నాలుక మీద వేసుకుని తేల్చుకుందామంటే కుదరదు. చాలా విషాలకు వాసనా ఉండదు, రుచీ ఉండదు.

అన్నం పారబోయాలంటే మనకు చెయ్యి రాదు. రాకూడదు కూడా. కానీ ఆ గౌరవం వండేటప్పుడే చూపించాలి: తినగలిగినంతే వండాలి, మిగులుతుందనిపిస్తే చల్లారకముందే పక్కింటికి పంపాలి, కరెంటు రాదని తెలిసిన రోజున ఉన్న చేపంతా వండి వీధికి పంచాలి. గడువు దాటిన గిన్నెను మాత్రం పిల్లల ముందుకు తేవద్దు. వాంతులు, విరేచనాలు ముందు కుంగదీసేది పసివాళ్ళనూ ముసలివాళ్ళనూ. ఈ ఆదివారం ఫ్రిజ్ ఖాళీచేసి తుడవండి, తారీఖులు రాయడం ఆ రోజే మొదలుపెట్టండి. ఇంట్లో మగవాళ్ళకూ పిల్లలకూ కూడా ఈ పద్ధతి నేర్పండి. తినేది అందరూ అయినప్పుడు జాగ్రత్త ఒక్కరిదే కాకూడదు.