అవంతిక కత్తి

2015 నాటి 'బాహుబలి'లో అవంతిక యోధురాలు. దేవసేనను చెర విడిపించే కార్యం ఆమెది. శివుడు పెనుగులాటలో ఆమెను లొంగదీసి, ఆమె ఎదిరిస్తున్నా జుట్టు విప్పి, వస్త్రం సవరించి, రంగులు దిద్దుతాడు. దృశ్యం ముగిసేసరికి ఆమె మనసు కరుగుతుంది. త్వరలోనే ఆమె కార్యమూ అతనిదవుతుంది. విమర్శకురాలు అన్నా ఎం.ఎం. వెట్టికాడ్ దీనిని అత్యాచారమన్నారు. కటువైన మాటే, కాని కొట్టివేయలేము.

2017 నాటి రెండవ భాగంలో సేతుపతి గుడిలో స్త్రీలను తాకితే దేవసేన వేళ్లు నరుకుతుంది, బాహుబలి తల నరుకుతాడు. దర్శకుడు రాజమౌళే. మారినది స్పర్శ కాదు, తాకినవాడు.

నన్నయ సభాపర్వంలో వస్త్రాపహరణం ఉన్నది. ద్రౌపది ప్రశ్న కూడా ఉన్నది. తన్నోడిన భర్తకు తనను ఒడ్డే హక్కు ఉన్నదా? భీష్ముడంతటివాడు తేల్చలేకపోయాడు. (చెరకు తోటలలో మా పూర్వీకుల తరం కూలీలు నిప్పులు తొక్కినది ఈ ద్రౌపదమ్మ పేరనే.) అవంతికకు ఆపాటి ప్రశ్న కూడా దక్కలేదు.

ప్రతీకార చిత్రాలన్నీ ఇంతేనని మేము అనము. టి. కృష్ణ తీసిన 'ప్రతిఘటన' (1985)లో నడివీధిలో వివస్త్రను చేయబడిన అధ్యాపకురాలు ఝాన్సీ, తరగతిలో విద్యార్థులను నిలదీస్తుంది. విజయశాంతి నటన అక్కడ నేటికీ వాడిగానే ఉన్నది. చివరికి గొడ్డలి ఎత్తినదీ ఆమే. ఏ కథానాయకుడూ దానిని అందుకోలేదు.