‘వండర్ ఉమన్ 1984’ – వరం, వెల, పరకాయప్రవేశం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్యాటీ జెంకిన్స్ దర్శకత్వంలో 2017లో వచ్చిన ‘వండర్ ఉమన్’ చిత్రానికి సీక్వెల్‌గా ‘వండర్ ఉమన్ 1984’ 2020 డిసెంబరులో విడుదలైంది. మొదటి చిత్రాన్ని మెచ్చినవారిలో చాలామందికి ఇది నిరాశనే మిగిల్చింది. ఆ నిరాశకు కారణం సాంకేతిక లోపాలు కావని, చిత్రం తాను బోధించిన నీతిని తన కథానిర్మాణంలో తానే అతిక్రమించడమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సూపర్‌హీరో సినిమా, సీక్వెల్, వరం, పరకాయప్రవేశం, త్యాగం, ఔచిత్యం.

1. ఉపోద్ఘాతం:
సీక్వెల్ నచ్చలేదన్న ప్రేక్షకుడికి సాధారణంగా దొరికే సమాధానం, అతడు ఎక్కువ ఆశించాడని. ఈ సమాధానం నిరాశను ప్రేక్షకుడి మనఃస్థితికి పరిమితం చేసి, కృతిని విచారణ నుంచి తప్పిస్తుంది. నిజానికి సీక్వెల్ ఒంటరి కృతి కాదు. మొదటి చిత్రం లేవనెత్తిన ప్రశ్నలకు అది వారసురాలు. ఆ ప్రశ్నల బరువును మలి చిత్రం మోయలేకపోయినప్పుడు కలిగే నిరాశను విమర్శకు పనికివచ్చే సాక్ష్యంగా పరిగణించవలసి ఉంటుంది.

2. మొదటి చిత్రం నిలిపిన ప్రమాణం:
1918 నాటి యుద్ధభూమి మొదటి చిత్రానికి నేపథ్యం. యుద్ధదేవత ఏరిస్‌ను చంపితే మనుషులు యుద్ధం మానేస్తారని డయానా నమ్ముతుంది. ఏరిస్ అనుకుని ఆమె జనరల్ లూడెన్‌డార్ఫ్‌ను చంపుతుంది. యుద్ధం మాత్రం ఆగదు. చెడు ఒక్క శత్రువులో లేదని, అది మనుషులందరిలోనూ ఎంతో కొంత ఉందని ఆమెకు తెలిసివచ్చే ఆ ఘట్టం చిత్రానికి గుండెకాయ. చివరి పోరాటం ఆ ఎరుకను కొంత పలుచన చేసినప్పటికీ, విషవాయువు నిండిన విమానాన్ని ఆకాశంలోనే పేల్చి ప్రాణం విడిచిన స్టీవ్ ట్రెవర్ నిర్ణయం దానిని నిలబెట్టింది. అతడి మరణం తిరిగి పూడ్చలేని నష్టం కనుకనే ఆ త్యాగానికి విలువ వచ్చింది.

3. అడ్డదారి గురించిన పాఠం:
మలి చిత్రం థెమిస్కిరా ద్వీపంలోని క్రీడాపోటీతో మొదలవుతుంది. బాలిక డయానా గుర్రం మీద నుంచి పడిపోయి, అడ్డదారిన దిగి మళ్లీ గుర్రాన్ని అందుకుంటుంది. గెలుపు అంచున ఉండగా ఆంటియోపీ ఆమెను పట్టి ఆపుతుంది. అబద్ధం మీద వీరత్వం నిలవదన్నది ఆమె చెప్పిన పాఠం. వండర్ ఉమన్ పాత్రను 1941లో సృష్టించిన విలియం మౌల్టన్ మార్‌స్టన్, రక్తపోటు ఆధారంగా అబద్ధాన్ని పసిగట్టే పరీక్షపై కృషి చేసిన మనోవైజ్ఞానికుడు. ఆమె చేతిలోని సత్యపాశం ఆ పాత్రకు గుర్తుగా స్థిరపడింది. అందువల్ల సత్యాన్ని ఇతివృత్తంగా ఎంచుకోవడం పాత్రకు తగినదే.

కథలో కోరికలు తీర్చే ఒక శిల ఉంది. అది ఇచ్చే ప్రతి వరానికీ వెల ఉంటుంది. డయానాలా కావాలని కోరిన బార్బరా తన మంచితనాన్ని పోగొట్టుకుంటుంది. తానే ఆ శిలగా మారిన మాక్స్‌వెల్ లార్డ్ శరీరం క్షీణిస్తుంది. స్టీవ్‌ను కోరుకున్న డయానా శక్తి క్రమంగా సన్నగిల్లుతుంది. ఇంతవరకు నియమం స్పష్టమే: కోరినవారే వెల చెల్లించాలి.

4. పరకాయప్రవేశం – లెక్కలోకి రాని మనిషి:
ఈ నియమానికి చిత్రం గుర్తించని మినహాయింపు ఒకటి ఉంది. స్టీవ్ తన దేహంతో తిరిగి రాడు. బతికి ఉన్న మరొక మనిషి దేహంలో ప్రవేశిస్తాడు. ప్రేక్షకుడికి స్టీవ్ రూపమే కనిపించినా, అద్దంలో కనిపించేది ఆ అపరిచితుడే. స్టీవ్ అతడి ఇంట్లో ఉంటాడు, అతడి దుస్తులు ధరిస్తాడు, అతడి దేహంతోనే డయానాతో రాత్రి గడుపుతాడు, ఆ దేహాన్నే తుపాకీ గుళ్ల మధ్యకు తీసుకువెళతాడు. ఏ కోరికా కోరని ఆ మనిషి అందరికన్నా పెద్ద వెల చెల్లించాడు. చిత్రం అతడికి పేరు కూడా పెట్టలేదు.

పరకాయప్రవేశం తెలుగు పాఠకులకు కొత్త కల్పన కాదు. శంకరవిజయ కథాసంప్రదాయంలో శంకరుడు అమరుక మహారాజు దేహంలో ప్రవేశిస్తాడు. అయితే రాజు అప్పటికే మరణించి ఉంటాడు. శంకరుని దేహాన్ని శిష్యులు కాపాడుతూ ఉంటారు. దేహం ఎవరిది, దానిని వాడుకునే హక్కు ఎంతవరకు అన్న చింత ఆ అద్భుతకథలోనే ఇమిడి ఉంది. అద్భుతం నైతిక విచారణను రద్దు చేయదనడానికి ఇది నిదర్శనం.

5. ఒక సమర్థన – పరిశీలన:
1980ల నేపథ్యానికి తగినట్లుగా ఆ కాలపు హాలీవుడ్ దేహమార్పిడి హాస్యకథల ఒరవడిని ఇక్కడ వాడుకున్నారని సమర్థించవచ్చు. కానీ సరిగ్గా 1984లోనే వచ్చిన కార్ల్ రైనర్ చిత్రం ‘ఆల్ ఆఫ్ మీ’లో మరణించిన స్త్రీ ఆత్మ ఒక న్యాయవాది దేహంలో చేరినప్పుడు, అతడు మాయమైపోడు. ఒకే దేహం కోసం ఇద్దరి పెనుగులాటే అక్కడి హాస్యానికి మూలం. అంటే ఆ ఒరవడి దేహం సొంతదారును మరచిపోలేదు. మరచిపోయింది ఈ చిత్రమే.

6. త్యాగఘట్టంలోని లోటు:
డయానా తన వరాన్ని వదులుకునే సన్నివేశం చిత్రంలో అత్యంత ఆర్ద్రమైనది. గాల్ గాడోట్, క్రిస్ పైన్‌ల నటనలోని నిజాయితీ కాదనలేనిది. అయితే అక్కడి సంఘర్షణ అంతా ప్రేమకూ లోకక్షేమానికీ మధ్యనే సాగుతుంది. స్టీవ్‌ను ఉంచుకోవడం మరొకరి జీవితాన్ని ఆక్రమించుకోవడమన్న స్పృహ ఆమె మాటల్లో ఎక్కడా వినిపించదు. అపరిచితుడి విముక్తి త్యాగానికి అనుకోని ఉపఫలంగా మిగిలిపోయింది. చివర మంచు కురుస్తుండగా డయానా అతడిని కలిసినప్పుడు, ఏం జరిగిందో అతడికి తెలిసిన సూచన లేదు, ఆమె చెప్పదు. సత్యపాశం ధరించిన నాయిక సత్యం చెప్పవలసిన చోట చిరునవ్వుతో సరిపెట్టుకుంటుంది. లోకమంతటికీ సత్యాన్ని స్వీకరించమని అంతకుముందే ఆమె ఉద్బోధించిందన్న సంగతి గుర్తుకు వచ్చినప్పుడు ఈ మౌనం మరింత బాధిస్తుంది.

7. ముగింపు:
ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా భావించిన క్షేమేంద్రుని దృష్టితో చూస్తే, ఇక్కడి దోషం తర్కలోపం మాత్రమే కాదు, పాత్రౌచిత్యభంగం. మొదటి చిత్రంలో తనకు తెలియని ఊరి ప్రజల కోసం కందకం దాటి తుపాకులకు ఎదురు నడిచిన డయానా, మలి చిత్రంలో తన ఎదుటే ఉన్న ఒక అపరిచితుడిని చూడలేకపోయింది. ప్రియుడిని తిరిగి తెచ్చే మార్గాలు కల్పనలో అనేకం ఉండగా రచయితలు సులభమైనదానిని ఎంచుకుని, దాని వెలను విస్మరించారు. ఆంటియోపీ ఆపిన అడ్డదారి అదే. ఆ బాలికకు వర్తించిన నియమం చిత్రానికీ వర్తిస్తుందని ప్రేక్షకుడు ఆశించడం అత్యాశ కాదు. ఆ కొలమానాన్ని అతడి చేతికి ఇచ్చింది ఈ చిత్రమే.