చెవితో కట్టే లెక్క

పాత 350 సీసీ బుల్లెట్‌కి అరిగిపోయిన ఆమల్ కార్బురేటర్ తీసి మిక్‌కార్బ్ బిగించే మెకానిక్ పనితనం చూసి తీరాలి. ముందుగా ఇంజన్‌కి అతుక్కునే చోట గాస్కెట్ సరిచూస్తాడు. అక్కడ దొంగగాలి దూరిందంటే ఆపైన ఎంత ట్యూనింగ్ చేసినా వృథా. గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్క అతను చెవితో కడతాడు. ఎయిర్ స్క్రూ ఇంచుక తిప్పి, ఆగి, వింటాడు. ఓ రౌండు కొట్టొచ్చి ప్లగ్గు విప్పుతాడు. పింగాణీ తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలడం లేదు, మసి పడితే ఎక్కువవుతోంది. లేత కాఫీ రంగు తేలేదాకా నీడిల్ క్లిప్పును గాడి తర్వాత గాడి మారుస్తూనే ఉంటాడు. ఆ ఓపికకు దండం పెట్టాలి.

ఫిల్టర్ దగ్గర అతని నిజాయితీ ఇంకా నచ్చుతుంది. కుర్రాళ్లు గరాటు ఆకారం ఫిల్టర్ అడుగుతారు. దానిలోంచి గాలి ధారాళంగా వస్తుంది, కాబట్టి మెయిన్ జెట్ కూడా పెద్దది వేయాలి. లేకుంటే ఇంజన్ కాగిపోయి పిస్టన్ పట్టేస్తుంది.

“మన దుమ్ము రోడ్లకి పాత ఫిల్టర్ డబ్బానే ఉంచు తమ్ముడూ, సిలిండర్ గీతలు పడకుండా ఉంటుంది” అంటాడు, అమ్మితే వచ్చే లాభం వదులుకుని.