సౌరఫలకాల నీడలో వరి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళకు, రైలు ఊరు దాటిందంటే కనిపించేది వరిచేలే. ఆ చేలలో సౌరఫలకాలు నిలపడానికి రైతు ఒప్పుకుంటాడా అని అడుగుతున్నారు. పాఠకులారా, ఆ ప్రశ్నలోనే లోపముంది. 2016లో మొదలైన సౌర్ సుజలా పథకంలో ఛత్తీస్‌గఢ్ రైతులు సౌరపంపులు పెట్టించుకున్నవాళ్ళే. వాళ్ళకు సౌరవిద్యుత్తు అంటే బెరుకేమీ లేదు.

ఫలకాలను రెండు మీటర్ల ఎత్తున, ఎడంగా నిలిపితే కింద పైరు పండించవచ్చని 1982లోనే జర్మన్ శాస్త్రజ్ఞులు గోయెట్స్‌బెర్గర్, జాస్ట్రో సూచించారు. నిజమే. కాని ఏ పైరు? వరికి పొట్టదశ నుంచి గింజ పాలుపోసుకునేవరకు వెలుతురు చాలకపోతే తాలు పెరుగుతుంది. ఖరీఫ్‌లో మబ్బుల మూలంగా ఇక్కడ ఎండ అసలే తక్కువ. దానిపై ఫలకాల నీడ!

జపాన్ 2013లో ఇలాంటి సాగుకు అనుమతినిస్తూ, దిగుబడి ఆ ప్రాంతపు సగటులో 80 శాతానికి తగ్గరాదని షరతు పెట్టింది. మన దేశంలో 2019లో వచ్చిన పి.ఎం. కుసుమ్ పథకం సాగుభూమిలో ఫలకాలను స్తంభాలపై ఎత్తి నిలపవచ్చునంటుంది. కరెంటు కొనుగోలు ఒప్పందం 25 ఏళ్ళు. భూమి అద్దె యజమానికి ముడుతుంది. అధియా పద్ధతిన సగం పంటకు ఆ చేను దున్నేవాడికి మిగిలేది తాలులో సగం. ఒప్పుకుంటావా అని అతణ్ణి ఎవరడిగారు?