ముఖ నరం దెబ్బతింటే

చిరునవ్వు మొదలుకొని కనుబొమల ముడి దాకా ముఖంలో కనిపించే హావభావాలన్నిటినీ నడిపేది ఏడో కపాల నాడి, అంటే ముఖ నరం. కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి ఉంటాయి. మెదడు కింది భాగంలో బయల్దేరి, చెవి వెనక ఎముకలోని సన్నటి దారి గుండా మలుపులు తిరుగుతూ వచ్చి, చెవి తమ్మె కింద బయటపడుతుంది. గవదబిళ్ళలప్పుడు వాచే గ్రంథిలోకి దూరి అయిదు కొమ్మలుగా చీలుతుంది. నుదుటికి, కంటికి, చెంపకు, కింది పెదవికి, మెడకు తలా ఒక కొమ్మ. ఈ దారిలో గట్టి దెబ్బ తగిలితే ఆ పక్క ముఖం జారిపోతుంది. కన్ను మూతపడదు. మజ్జిగ తాగితే మూతి మూల నుంచి కారుతుంది. అన్నం మెతుకులు చెంపకూ చిగురుకూ మధ్య ఇరుక్కుంటాయి. ప, బ, మ సరిగా పలకవు.

మూతి వంకర పోగానే ఇంట్లో వినిపించే మొదటి మాట పక్షవాతం. పక్షవాతమో, నరం దెబ్బో నుదురు చెబుతుంది. నుదుటి కండరాలకు మెదడు రెండు పక్కల నుంచీ ఆదేశాలు అందుతాయి. కాబట్టి మెదడులో ఒక పక్క రక్తనాళం మూసుకుపోయినా నుదురు మామూలుగానే ముడతలు పడుతుంది. నరమే చెడితే పడదు. అయినా ఇది ఇంట్లో తేల్చుకునే విషయం కాదు, రెండిట్లో ఏదైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

దెబ్బ ఏమీ తగలకుండా ఉన్నట్టుండి వచ్చేదానికి 19వ శతాబ్దపు స్కాట్లండ్ వైద్యుడు చార్లెస్ బెల్ పేరు పెట్టారు. బెల్స్ పాల్సీలో నరం తెగదు, ఎముక దారిలో వాచి నలిగిపోతుంది. 72 గంటల్లోపు ప్రెడ్నిసొలోన్ అనే మందు మొదలుపెడితే ఎక్కువ మందికి పూర్తిగా తగ్గుతుంది. 2007లో వెలువడిన స్కాట్లండ్ పరిశోధనలో, తొమ్మిది నెలల తర్వాత ఆ మందు వాడినవారిలో నూటికి 94 మంది, వాడనివారిలో 82 మంది మామూలు స్థితికి వచ్చారు. మందు వాడకపోయినా చాలామందికి దానంతటదే తగ్గుతుందన్న మాట. పసరు వైద్యాలకు ఇంత పేరు రావడానికి ఇదే కారణం.

గాయం సంగతి వేరు. హెల్మెట్ లేకుండా బండి మీంచి పడి చెవి వెనక ఎముక చిట్లడం, చెంప మీద కత్తి గాటు, గ్రంథిలోని గడ్డకో వినికిడి నరం మీది కణితికో చేసిన ఆపరేషన్: నరం తెగేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. తలకు దెబ్బ తగిలిన మనిషి విషయంలో ఒక చిన్న ప్రశ్న చికిత్సనే మారుస్తుంది. దెబ్బ తగిలిన క్షణం నుంచే ముఖం కదలలేదా, లేక కొన్ని గంటలు, రోజులు గడిచాక వంకర పోయిందా? ఆలస్యంగా వస్తే అది వాపు, చాలావరకు తగ్గిపోతుంది. వెంటనే పూర్తిగా పడిపోతే నరం తెగిందేమో, ఎముక ముక్క కింద నలిగిందేమో చూడాలి. అత్యవసర విభాగంలో మొదట చూసిన డాక్టరు కేసు షీట్‌లో ఈ ఒక్క వాక్యం రాసిపెడితే తర్వాతి వైద్యులకు ఎంతో మేలు. రాయకపోతే మత్తులో, వెంటిలేటర్ మీద ఉన్న రోగి నుంచి దాన్ని రాబట్టడం ఎవరివల్లా కాదు.

నరం కంటే ముందు కాపాడాల్సింది కన్ను. రెప్ప మూతపడకపోతే నల్లగుడ్డు ఎండి, పుండు పడి, చూపు పోవచ్చు. పగలు కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేయాలి. పడుకునే ముందు వేలితో రెప్పను పూర్తిగా కిందికి దించి, ఆ తర్వాతే ప్లాస్టర్ అంటించాలి. సగం తెరిచిన రెప్ప మీద అంటిస్తే టేపే గుడ్డును గీస్తుంది. ఆ కంట్లో పసరు పిండటం ఘోరమైన తప్పు. కోలుకోవడానికి నెలలు పట్టేలా ఉంటే పై రెప్పలో సుమారు గ్రాము బరువున్న బంగారు రేకు అమరుస్తారు. దాని బరువుకే రెప్ప దిగుతుంది.

తెగిన నరాన్ని వీలైతే 72 గంటల్లోపు కలపాలి. అప్పటిదాకా ముఖం వైపు కొస సన్నటి విద్యుత్తు తాకిడికి స్పందిస్తుంది, దాన్నిబట్టి కొసను వెతికి పట్టుకోవచ్చు. ఆ తర్వాత అది నోరు మెదపదు. మైక్రోస్కోప్ కింద, వెంట్రుకలో సగం మందం కూడా లేని దారంతో రెండు కొసలనూ కుడతారు. లాగి కుడితే పని చెడుతుంది. ఖాళీ ఉంటే పిక్క వెనక నుంచో మెడ పక్క నుంచో స్పర్శ నరం ముక్క తెచ్చి అతుకుతారు. పిక్క నుంచి తీస్తే పాదం బయటి అంచు కొంత మొద్దుబారుతుంది. ఆ నష్టాన్ని ముందే చెప్పడం వైద్యుడి బాధ్యత.

అతికిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. చెంపలో మొదటి కదలిక కనిపించడానికి నెలలు పడుతుంది. కండరం మాత్రం ఎల్లకాలం ఎదురుచూడదు. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నర దాటాక తిరిగి కోలుకోలేనంతగా ఎండిపోతుంది. చూద్దాం, చూద్దాం అంటూ రెండేళ్లు గడిపేసినవారిని చూస్తే బాధ కలిగేది ఇందుకే.

మెదడు వైపు కొస దొరకనప్పుడు మరో నరాన్ని అరువు తెస్తారు. 1895లో లండన్‌లో చార్లెస్ బ్యాలెన్స్ భుజానికి వెళ్లే నరాన్ని ముఖ నరానికి కలిపారు. అలా కలిపితే ముఖంతో పాటు భుజమూ ఎగురుతుంది. తర్వాత నాలుక నరం వాడుకలోకి వచ్చింది, ఇప్పుడు నమిలే కండరపు నరం ఎక్కువగా వాడుతున్నారు. ఆ రోగి మొదట్లో పళ్లు బిగిస్తేనే నవ్వగలడు, సాధన చేస్తే చాలామందికి ఆ అవసరం తగ్గుతుంది. బాగున్న పక్క నరం నుంచి పై పెదవి మీదుగా నరం ముక్కతో దారి వేస్తే సహజమైన నవ్వు వచ్చే అవకాశం ఉంది, అయితే ఫలితం నెమ్మది. కండరమే ఎండిపోతే తొడ లోపలి సన్నటి కండరాన్ని రక్తనాళాలతో, నరంతో సహా చెంపలోకి మారుస్తారు. జపాన్ సర్జన్ హరీ బృందం 1976లో ఈ పద్ధతిని ప్రకటించింది.

నరం తిరిగి పెరిగాక ఇంకో చిక్కు మొదలవుతుంది. కొత్త పోగులు దారి తప్పి వేరే చోట్లకు చేరతాయి. నవ్వితే కన్ను మూసుకుపోతుంది, కన్ను మూస్తే మూతి లాగుతుంది, అన్నం తింటుంటే కన్నీరు కారుతుంది. ఈ దశలో బెలూన్లు ఊదమని, చూయింగ్ గమ్ నమలమని ఇచ్చే సలహాలు చేటు. బలంగా చేసే ప్రతి ప్రయత్నం అన్ని కండరాలనూ ఒకేసారి లాగిస్తుంది. నమలడమైతే అయిదో నాడి పని, దానితో ముఖ నరానికి ఒరిగేదేమీ లేదు. కరెంటు పెట్టించడం మన ఊళ్లలో సర్వసాధారణం, దానికి గట్టి ఆధారం లేదు.

పనికొచ్చేది అద్దం ముందు మెల్లగా చేసే సాధన. అద్దంలో కన్ను చూసుకుంటూ మూతి మూలను కొంచెం, ఇంకొంచెం పైకి లేపాలి. కన్ను ముడుచుకోవడం మొదలవగానే ఆపి, కాస్త వెనక్కి వచ్చి, అక్కడే నిలపాలి. దంతాలు కనిపించేంత నవ్వు ఇందులో ఉండదు, పావు నవ్వు చాలు. 1980ల ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో మూకాభినయ కళాకారుల అనుభవాన్ని ఫిజియోథెరపీకి జోడించి మైమ్ థెరపీ రూపొందించారు. దారి తప్పిన పోగులు చేరిన కండరం మరీ గట్టిగా లాగుతుంటే అందులో బొటులినమ్ ఇంజెక్షన్ చాలా కొద్ది మోతాదులో ఇస్తారు. దాని పని మూడు నాలుగు నెలలే కనుక మళ్లీ ఇవ్వాల్సి ఉంటుంది. ఆ విరామంలో అద్దం ముందు సాధన ఆపకుండా చేసినవారికి ఎక్కువ మేలు.